కర్ణుడి ఊరిలో అన్నం

కర్నూలు మీదుగా పోయే పెద్ద రహదారికి ఇప్పుడు 44 అని సంఖ్య. ఆ దారినే పట్టుకొని ఉత్తరానికి సాగితే హైదరాబాదు, ఆదిలాబాదు, నాగపూరు, ఆగ్రా దాటి ఢిల్లీ వస్తుంది. అక్కడ ఆగక మరొక నూట పాతిక కిలోమీటర్లు పోతే ఇంచుమించు అదే పేరు గల ఊరు ఎదురవుతుంది: కర్నాలు. రెండు పేర్లకూ తేడా ఒక్క గుణింతమే. కందెనవోలు కాలక్రమాన కర్నూలయింది. కర్నాలు మాత్రం సాక్షాత్తు కర్ణుడు నెలకొల్పిన ఊరని స్థానికుల విశ్వాసం. ఊరి వెలుపల రహదారి పక్కన ఉన్న సరస్సుకు కూడా కర్ణుడి పేరే. కురుక్షేత్రం ఇక్కడికి ఎంతో దూరం లేదు.

హర్యానాలో కర్నాలును కొందరు వరి ఊరంటారు, కొందరు పాల ఊరంటారు. 2015లో దీనిని జాతీయ రాజధాని ప్రాంతంలో చేర్చారు గాని, ఊరి బ్రతుకు నేటికీ పొలాన్నే నమ్ముకొని ఉన్నది. ఢిల్లీ నుంచి చండీగఢ్‌కో, సిమ్లాకో పోయే బాటసారి ఇక్కడ ఆగేది సాధారణంగా భోజనం కోసమే. ఎక్కడ తినాలి, ఏమి తాగాలి అని అతడు అడిగితే జవాబు చెప్పడం కష్టం కాదు. అయితే ఆ జవాబు వెంటనే మరొక ప్రశ్న తలెత్తుతుంది. దేశానికింత ధాన్యం పెట్టే ఈ నేల తాను తినేదేమిటి?

సరాయి నుంచి దాబా దాకా

ఈ దారిన అన్నం అమ్మడం నిన్న మొన్నటి వ్యాపారం కాదు. పదహారవ శతాబ్దంలో షేర్‌షా బాగుచేయించి, ఆపైన మొగలులు పోషించిన బాట ఇది. కోసుకొక మినారు కట్టి దూరం తెలిపారు. అలసిన బాటసారికి, గుర్రానికి సరాయిలు కట్టారు. కర్నాలుకు కొద్ది మైళ్ళ దిగువన ఘరౌండా అనే చిన్న పట్టణంలో మొగలుల నాటి సరాయి ద్వారాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. గోడలు పోయాయి, గదులు పోయాయి. వచ్చేవారిని లోనికి పిలిచే ద్వారాలు మాత్రం మిగిలాయి.

ఈ దారి ఆకలిని కూడా ఎరిగినదే. పానిపట్టు యుద్ధాలు మూడూ (1526, 1556, 1761) ఈ బాట మీదనే జరిగాయి. మూడవ యుద్ధంలో మరాఠా సేనకు ధాన్యం వచ్చే మార్గాలను శత్రువు మూసివేశాడు. వారాల తరబడి పస్తులున్న సైన్యం, కూర్చొని చావడం కంటే పోరాడి చావడం మేలని 1761 జనవరి 14న పాళెం విడిచి బయలుదేరింది. నేడు దేశపు ధాన్యాగారాలలో ఒకటిగా పేరొందిన నేల మీదనే, గుప్పెడు గింజలు లేక ఒక మహాసైన్యం కృశించింది.

సరాయిల స్థానంలో ఇప్పుడు దాబాలు వెలిశాయి. ఢిల్లీ నుంచి వచ్చేవారికి మొదట తగిలేది సోనీపట్టు జిల్లాలోని ముర్థల్. ఒకప్పుడు లారీ డ్రైవర్ల కోసం నులకమంచాలు వేసి, పప్పు రొట్టె పెట్టిన చోటు. ఈనాడు అక్కడ వందల కార్లు నిలుస్తాయి. అర్ధరాత్రి అయినా, తెల్లవారు జామున మూడైనా బల్లలు ఖాళీగా ఉండవు. అమ్రీక్ సుఖ్‌దేవ్ వంటి దాబాల పేర్లు ఢిల్లీ యువతరానికి కంఠస్థం. ముర్థల్ దాబాలలో అధికభాగం శాకాహారానివే. ఆలుగడ్డనో, ముల్లంగినో, పనీరునో కూరి తందూరులో కాల్చిన పరోటా, దాని మీద నిమ్మకాయంత తెల్లవెన్న, పక్కన పెరుగు, ఊరగాయ; ఇంతే వంట. ఇది మొదట నాజూకు మనుషుల కోసం పుట్టిన తిండి కాదు. పగలంతా బరువులు మోసి, రాత్రంతా బండి తోలే దేహానికి ఉద్దేశించినది. కారులో కూర్చొని వచ్చినవారు రెండు పరోటాలు తిని మూడవది వదిలివేస్తే అది వంటవాని తప్పు కాదు.

ముర్థల్ దాటితే సమాల్ఖా, ఆ తరువాత పానిపట్టు. 1966 నవంబరు 1న ఏర్పడిన హర్యానాకు తాజ్‌మహల్ లేదు, హిమాలయం లేదు. ఉన్నదల్లా రహదారి. ఆ రహదారినే పర్యాటక క్షేత్రం చేయాలని 1970 దశకంలో ఆ రాష్ట్రం తలపెట్టి, దారి పొడుగునా విశ్రాంతి గృహాలు, భోజనశాలలు కట్టి, వాటికి పక్షుల పేర్లు పెట్టింది. సమాల్ఖాలో పాలపిట్ట, పానిపట్టులో భరతపక్షి, పిప్లీలో రామచిలుక, అంబాలాలో లకుముకిపిట్ట. అన్నీ ఇంగ్లీషు పేర్లతోనే. రహదారిలో పోయేవాడు ఎగిరిపోయే పక్షివంటివాడే, కాసేపు వాలి గింజలు తిని పోతాడు. కర్ణ సరస్సు ఒడ్డున కూడా అటువంటి విశ్రాంతి స్థలం ఏర్పడింది.

ఈ దారి మీద ఇంకొక వంట కూడా జరిగింది. 2020 నవంబరు నుంచి 2021 డిసెంబరు వరకు, వ్యవసాయ చట్టాలను వ్యతిరేకించిన రైతులు ఢిల్లీ సరిహద్దున సింఘూ వద్ద ఇదే 44వ రహదారి మీద విడిది చేశారు. ట్రాక్టర్ ట్రక్కులలో గోధుమపిండి, పప్పు, పాలు వచ్చాయి. తారురోడ్డు మీదనే పొయ్యిలు వెలిగాయి. పంక్తిలో కూర్చున్నవాడు ఎవరని అడగకుండా రొట్టె వడ్డించారు. ఏడాదికి పైగా ఈ బాట మీద బిల్లు లేని భోజనం దొరికింది.

కాందిశీకుల పొయ్యి

కర్నాలు బజారులో ఉదయం ఛోలే-భటూరేతో మొదలవుతుంది. కాగే నూనెలో పూరీవలె పొంగిన భటూరా, మసాలాలో ఉడికిన పెద్ద శనగలు, నిలువుగా కోసిన ఉల్లిపాయ. మధ్యాహ్నానికి తందూరీ రొట్టె, నల్లమినుముల పప్పు, పనీరు. ఇవి హర్యానా వంటలని ఎవరైనా అనుకుంటే పెద్దవాళ్ళు నవ్వుతారు. వీటిలో చాలా భాగం 1947లో వచ్చినవి.

విభజనకు ముందు కర్నాలు వేరే ఊరు. పాకిస్తాన్ మొదటి ప్రధాని లియాఖత్ అలీఖాన్ పుట్టినది ఇక్కడే. విభజన నాడు ఆయన వర్గంవారు పడమటికి పోయారు. పడమటి పంజాబు నుంచి ఇల్లూ పొలమూ విడిచి వచ్చిన హిందువులు, సిక్కులు వారి ఇళ్ళలో దిగారు. చేత చిల్లిగవ్వ లేనివానికి తెలిసిన వంటే పెట్టుబడి. ఒక మట్టి తందూరు, ఒక డేగిసా, నాలుగు పళ్ళాలు ఉంటే అంగడి పెట్టవచ్చు. కర్నాలు బజారు రుచి అలా మారింది.

పానిపట్టు పచ్‌రంగా ఊరగాయ కథ కూడా ఇటువంటిదే. మామిడికాయ, తామరతూడు, శనగలు మొదలైనవాటిని ఆవనూనెలో కలిపి ఊరవేసే ఈ పచ్చడి పడమటి పంజాబు నుంచి వచ్చిన కుటుంబాలతో పానిపట్టు చేరి, ఆ ఊరి పేరునే తన పేరుకు ముందు చేర్చుకొన్నది. ఆవకాయ జాడీ పట్టుకొని కాశీకైనా, కాలిఫోర్నియాకైనా పోయే తెలుగువారికి దీని అంతరార్థం వేరే చెప్పనక్కరలేదు. నేల పోయినా ఊరగాయ పోదు. తొలిముద్దలో ఆవఘాటు తగలగానే, ఇది మన ఆవకాయకు దూరపు బంధువని తెలుగు నాలుక గుర్తుపడుతుంది.

పాల సంగతి

కర్నాలులో తప్పక చూడవలసిన చోటు ఏదంటే, జాతీయ పాడి పరిశోధన సంస్థ. 1923లో బెంగుళూరులో మొదలైన ఈ సంస్థ కేంద్ర కార్యాలయం 1955లో కర్నాలుకు మారింది. బెంగుళూరులో ఉన్న కాలంలో, 1927లో గాంధీజీ అక్కడికి పోయి పశుపోషణ విషయాలు స్వయంగా తెలుసుకొన్నారు. ఇక్కడి శాస్త్రజ్ఞులు దేశవాళీ ఆవులను విదేశీ జాతులతో సంకరం చేసి రూపొందించిన రెండు జాతులకు కరణ్ స్విస్, కరణ్ ఫ్రీస్ అని పేరు పెట్టారు. దానవీరుడి పేరు పాలిచ్చే ఆవుకు పెట్టడంలో ఔచిత్యం ఉన్నది. 2009లో, క్లోనింగ్ అనే ప్రక్రియలో ఒక జీవకణం నుంచి గేదెదూడను పుట్టించి ఈ సంస్థ ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. సంస్థవారు నడిపే పాల అంగడిలో పాలు, పెరుగు, నెయ్యి, మిఠాయిలు సామాన్య జనానికి కూడా అమ్ముతారు. అక్కడ ఆడంబరం లేదు, సరకులో మోసమూ లేదు.

తెలుగు రైతుకు హర్యానా అంటే మొదట గుర్తుకు వచ్చేది ముర్రా గేదె. నల్లగా నిగనిగలాడుతూ, మెలిపడ్డ కొమ్ములతో ఉండే ఆ గేదెలను కొనుక్కొని రావడానికి కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి మనుషులు వెళ్ళడం మామూలే. ఆ గేదెల పుట్టిల్లు రోహతక్, హిస్సారు, జీంద్ ప్రాంతాలు. వెన్న ఏడు శాతం దాకా ఉండే ఆ చిక్కని పాలే ఇక్కడి పానీయాలకు మూలం.

కనుక ఏమి తాగాలి అనే ప్రశ్నకు సమాధానం లస్సీ. పట్నంలో లస్సీ అంటే చక్కెర కలిపి చిలికిన పెరుగు, పైన మీగడ తెట్టె. పెద్ద గ్లాసుతో ఒకటి తాగితే పూట భోజనం అవసరం ఉండదు. పల్లెలో లస్సీ అంటే వెన్న తీసిన మజ్జిగ. ఎండలో పొలం నుంచి వచ్చినవానికి ఇంటివారు ఉప్పు వేసి ఇచ్చేది అదే. రెంటిలో దాహం తీర్చేది రెండవదే. వేసవిలో నిమ్మరసపు షికంజీ, మారేడు పండు షర్బత్తు, చెరకు రసం దొరుకుతాయి. శీతకాలంలో అల్లం, ఏలకులు దంచి వేసిన టీ. మద్యం సంగతి వేరు. 1996 జూలైలో హర్యానా సంపూర్ణ మద్యనిషేధం విధించింది. పక్క రాష్ట్రాల నుంచి దొంగసరుకు పారి, ఖజానాకు లోటుపడి, 1998 ఏప్రిల్‌లో దానిని ఎత్తివేసింది. మజ్జిగకు మాత్రం ఏ కాలంలోనూ నిషేధం లేదు.

జాబితాలో కనబడని వంట

హోటలు జాబితా ఎంత పొడుగున్నా, ఈ నేల స్వంత వంట అందులో అరుదుగా కనబడుతుంది. అది ఇళ్ళలో ఉన్నది. అది కూడా ఋతువును బట్టి ఉన్నది.

చలికాలంలో సజ్జరొట్టె కాలుస్తారు. మన రాయలసీమలోవలె రెండు చేతుల మధ్య తట్టి, పెనం మీద వేసి, నిప్పుల మీద పొంగిస్తారు. దానికి తోడు ఆవాకు కూర, తెల్లవెన్న, బెల్లం ముక్క. సజ్జలు దంచి పెసరపప్పుతో ఉడికించిన కిచిడీ మన సంగటికి చెల్లెలు. సజ్జపిండిని మజ్జిగలో పులియబెట్టి కాచిన రాబ్డీ మన అంబలికి అక్క. రొట్టెను నలిపి, నెయ్యి, బెల్లం కలిపిన చూర్మా తెలంగాణలో బతుకమ్మకు చేసే మలీదకు తోబుట్టువు. గోధుమచేలలో కలుపుమొక్కగా మొలిచే బథువా ఆకు (మనవైపు దీనిని చక్రవర్తి కూర అంటారు) పెరుగులో కలిపి రాయతా చేస్తారు. బుడమకాయ జాతికి చెందిన కచ్రీని మిరపకాయలతో నూరితే చట్నీ. వానలలో తీజ్ పండుగకు ఘేవర్ అనే గుల్లమిఠాయి. చెరకు కొట్టే రోజులలో, బెల్లపు పొయ్యి దగ్గర నిలబడితే ఆకులో పెట్టి ఇచ్చే వేడి బెల్లం.

కర్నూలుకు పోయినవానికి హోటలులో సోనామసూరి అన్నం పెడతారు; ఆ ప్రాంతపు జొన్నరొట్టె కావాలంటే వెతుక్కోవాలి. కర్నాలులోనూ అంతే. ఒకనాడు సజ్జరొట్టె తినడం పేదరికానికి గుర్తు. చేతిలో నాలుగు రూపాయలు ఆడగానే గోధుమరొట్టె, ఆ తరువాత హోటలు తిండి గౌరవానికి గుర్తయ్యాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత పెద్ద హోటళ్ళు కూడా సజ్జలకు మర్యాద చేస్తున్నాయి. కాని ముసలమ్మల చేతులలో ఉన్న విద్య కోడళ్ళకు అందితేనే ఆ మర్యాదకు అర్థం.

అన్నం మెతుకు వెనుక

కర్నాలు పేరును దేశాంతరాలకు మోసుకుపోయినది మాత్రం బాస్మతి బియ్యం. పక్కనే ఉన్న తరావడీ పేరుతో ఒక బాస్మతి రకమే ఉన్నది. పూసా బాస్మతి 1121 అనే రకం 2003లో విడుదలయింది. వండితే దాని మెతుకు రెండు సెంటీమీటర్ల దాకా సాగుతుంది. ఇక్కడి మిల్లుల నుంచి బియ్యం గల్ఫ్ దేశాలకు ఎగుమతి అవుతుంది. విచిత్రమేమంటే, ఇక్కడి రైతు పూటపూటకూ తినేది గోధుమరొట్టె. పండించిన వరిలో అతని కంచంలోకి వచ్చేది కొద్ది. జూన్ ఎండలో వంగి నాట్లు వేసే బీహారు కూలీకి అన్నమంటే ప్రాణం. అతను తినేది బాస్మతి కాదు.

ఈ నేలకు వరి వచ్చిన వైనం తెలుసుకోదగినది. పంతొమ్మిదవ శతాబ్దంలో పడమటి యమునా కాలువ నీరు ఊటెక్కి, చుట్టూ చిత్తడి పెరిగి, మలేరియా వ్యాపించింది. 1840ల తొలినాళ్ళలో ఆంగ్లేయులు కర్నాలు దండును ఎత్తివేసి అంబాలాకు తరలించారు. నీటితోపాటు ఉప్పు పైకివచ్చింది. వేల ఎకరాలు గడ్డి మొలవని చవుడు నేలలైనాయి. ఆ నేలను బాగుచేయడానికి 1969లో కర్నాలులో కేంద్ర చవుడు నేలల పరిశోధన సంస్థ ఏర్పడింది. జిప్సం చల్లి, నీరు నిలిపి, మొదటి పంటగా వరి వేయమని శాస్త్రజ్ఞులు చెప్పారు. చవుడును ఓర్చి, నిలిచిన నీటిలో పెరిగే పంట అదే. వరి ఇక్కడికి మందుగా వచ్చింది. మందు పనిచేసింది. తెల్లని చవుడు పచ్చని చేను అయింది.

వచ్చిన మందే దినభోజనమైతే కొత్త జబ్బు పుడుతుంది. కిలో బియ్యం పండాలంటే మూడు నుంచి అయిదు వేల లీటర్ల నీరు కావాలని అంచనా. కాలువ చాలక గొట్టపుబావులు వచ్చాయి. ఒకనాడు నీరు మితిమీరి పాడైన జిల్లాలో, నేడు అనేక బ్లాకులు మితిమీరి నీరు తోడిన ప్రాంతాలుగా కేంద్ర భూగర్భజల మండలి లెక్కలకు ఎక్కాయి. 2009లో హర్యానా చేసిన చట్టం ప్రకారం జూన్ 15కు ముందు నాట్లు వేయరాదు. 2020లో, వరి మాని వేరే పంట వేసిన రైతుకు ఎకరాకు 7,000 రూపాయలు ఇచ్చే పథకం పెట్టారు. నారుమడి లేకుండా నేరుగా విత్తే పద్ధతిని ప్రోత్సహిస్తున్నారు. కాని రైతు లెక్క వేరు. వరికి, గోధుమకు మద్దతు ధర ఉన్నది, మార్కెట్టు ఉన్నది. సజ్జలు, పెసలు వేస్తే అడిగేవాడు ఎవడు?

ఇక్కడే హోటలు బల్ల దగ్గర కూర్చున్న బాటసారికి పాత్ర ఉన్నది. అడిగేవాడు అతడే. సజ్జరొట్టె, రాబ్డీ అడిగే గిరాకీ పెరిగితే వంటవాడు పిండి కొంటాడు, వర్తకుడు గింజ కొంటాడు, రైతు విత్తుతాడు. తక్కువ నీటితో పండేది, కూలివాడి కడుపు నింపినది అదే గింజ. బాస్మతి పులావు తినవద్దని ఎవరూ అనరు. తినేటప్పుడు దాని ఖరీదు బిల్లు మీద వేసిన అంకె ఒక్కటే కాదని గుర్తుంటే చాలును.

మహాలయ పక్షం గురించి పెద్దలు చెప్పే కథ ఒకటి ఉన్నది. కర్ణుడు స్వర్గానికి పోయాక ఆకలి వేసింది. పండు కోసుకొంటే బంగారమయింది. నీరు దోసిట పడితే బంగారమయింది. కారణమేమని అడిగితే, జీవితమంతా బంగారం దానం చేశావు గాని నీ పెద్దలకు ఒక్కనాడైనా అన్నం పెట్టలేదన్నారు. అప్పుడతడు పక్షం రోజులు భూమికి దిగివచ్చి, అన్నోదకాలు సమర్పించి, ఆ ఋణం తీర్చుకొన్నాడట.

కర్ణుడి పేరు మోసే ఈ ఊరు కూడా దానగుణం కలదే. ఆకలిగొన్న దేశానికి గోధుమ ఇచ్చింది, దూరదేశాలకు పరిమళపు బియ్యం ఇచ్చింది, ఇల్లు పోయినవారికి అంగడి వీథి ఇచ్చింది. ఇచ్చినదంతా నేలలోని నీటి నుంచి ఇచ్చినదే. కర్ణుడికి తిరిగివచ్చి సరిదిద్దుకోవడానికి పదిహేను రోజుల గడువు దొరికింది. కర్నాలుకు ఎంత గడువు ఉన్నదో గొట్టపుబావి లోతు చెబుతుంది.